బంగారం అన్వేషణలో మెటల్ డిటెక్టర్: అనంతపురం పీఠభూమి

నేలలో దాగిన లోహాన్ని విద్యుదయస్కాంత ప్రేరణ ద్వారా పసిగట్టే పరికరం మెటల్ డిటెక్టర్. ఆస్ట్రేలియా, అమెరికాల్లో విడి బంగారు ముద్దలు వెతికేవారికి 1970ల తర్వాత ఇదే ప్రధాన సాధనమైంది. అనంతపురం పీఠభూమిలో దీని చరిత్ర వేరు. ఇక్కడి నేలలో బంగారం లేదనలేం. రామగిరిలో రెండు విడతలుగా గనులే నడిచాయి. అయితే ఆ బంగారం డిటెక్టరుకు అందే రూపంలో లేదు. అందుకే ఈ సీమలో ఆ యంత్రం ఖనిజాన్వేషకుల చేతుల్లో కంటే గుప్తనిధుల వేటగాళ్ల చేతుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఏ డిటెక్టరు కొనాలన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు యంత్రాల జాబితాలో దొరకదు, రాతిలో వెతకాలి.

నేల, రాయి, బంగారం

అనంతపురం ప్రాంతమంతా ప్రధానంగా గ్రానైట్, నైస్ రాళ్ల మీద పరుచుకున్న ఎర్రనేల. సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. పెన్న, చిత్రావతి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకదారులే. ఈ గ్రానైట్ మధ్య అక్కడక్కడ సన్నని పట్టీల్లాగా నల్లటి, ఆకుపచ్చ ఛాయ ఉన్న పురాతన శిలలు కనిపిస్తాయి. వీటిని షిస్ట్ పట్టీలంటారు. రామగిరి పట్టీ, పెనకచెర్ల పట్టీ ఈ కోవలోవే. కర్ణాటకలోని కోలారు, హట్టి బంగారు గనులున్నదీ ఇలాంటి పట్టీల్లోనే. ఇవి 250 కోట్ల ఏళ్లకు పైబడినవి. భూమి లోపలి ఒత్తిడికి పగిలి, నలిగిన చోట్ల వేడి ద్రవాలు చొరబడి పలుగురాయి ధారలుగా గడ్డకట్టాయి. బంగారం ఆ ధారల్లో, వాటి అంచుల్లోని గంధక ఖనిజాల మధ్య చేరింది.

ఈ బంగారం ఎంత ఉంటుందో లెక్క కట్టి చూస్తే విషయం తేలుతుంది. టన్ను రాయికి 5 గ్రాముల బంగారం ఉంటే గని నడిపేవాడికి అది మంచి ఖనిజం. టన్ను పలుగురాయి అంటే పొడవు, వెడల్పు, ఎత్తు 72 సెంటీమీటర్ల చొప్పున ఉన్న బండ. బంగారం సాంద్రత 19.3 కాబట్టి, ఆ బండలోని బంగారాన్నంతా ఒకచోట చేరిస్తే పావు ఘన సెంటీమీటరు, అంటే వేరుశనగ గింజలో సగం. పైగా అది ఒకచోట ఉండదు. కంటికి ఆనని రేణువులుగా బండంతా చెదిరి ఉంటుంది. డిటెక్టరు ఆ బండ మీద ఎంతసేపు ఆడించినా బంగారం గురించి ఒక్క కూత కూడా కూయదు.

యంత్రానికి ముందు

ఈ ప్రాంతంలో బంగారాన్ని వెతికిన తొలి తరాలు వదిలిన ఆనవాళ్లు పాత గుంతలు. షిస్ట్ పట్టీల పొడవునా పలుగురాయి ధారల వెంట తవ్విన గోతులు, పక్కనే పిండి చేయడానికి వాడిన రాళ్లు దక్కనులో చాలాచోట్ల కనిపిస్తాయి. రాతిని మంటపెట్టి కాల్చి, నీళ్లు చల్లి పగలగొట్టడం, నూరి పొడిచేసి నీటిలో కడగడం వారి పద్ధతి. బ్రిటిష్ కాలపు భూవిజ్ఞానులు, కంపెనీలు కొత్త గనుల కోసం మొదట వెతికింది ఈ గుంతలనే. పాతవాళ్లు తవ్వారంటే కింద బంగారం ఉన్నట్టే లెక్క. నా ఉద్దేశంలో ఈ సీమకు ఇంతవరకు దొరికిన అత్యుత్తమ డిటెక్టరు ఆ పాత గుంతలే.

అశోకుని శాసనాల్లో కనిపించే, పేరులోనే బంగారమున్న దక్షిణ రాజధాని సువర్ణగిరి ఏ ఊరన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. కర్నూలు జిల్లా జొన్నగిరి పేరు కూడా అందులో వినిపిస్తుంది. దాని దగ్గరి ఎర్రగుడిలోని అశోక శాసనాలను 1929లో వెలుగులోకి తెచ్చిన అను ఘోష్ భూవిజ్ఞాని. 1915లో మస్కిలోని అశోక శాసనాన్ని కనిపెట్టిన బీడన్ నిజాం రాజ్యంలో బంగారు గనుల ఇంజనీరు. రాళ్లు, గనుల కోసం బయల్దేరినవాళ్లకు అశోకుడు ఎదురుపడ్డాడన్నమాట.

1880లలో భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ దక్షిణాదిలో బంగారం ఉన్న శిలలను ధార్వార్ వ్యవస్థగా గుర్తించి వర్ణించాడు. అదే కాలంలో కోలారు జోరందుకుంది. 1887లో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు కనిపెట్టిన సయనైడ్ పద్ధతి నాసిరకం రాతి నుంచి కూడా బంగారం రాబట్టే వీలు కల్పించింది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో నార్త్ అనంతపూర్ కంపెనీ, జిబుటిల్ కంపెనీ రామగిరి ప్రాంతంలో గనులు నడిపి, 1927 నాటికి మూసేశాయి. తర్వాత ప్రభుత్వరంగ భారత్ గోల్డ్ మైన్స్ యెప్పమాన దగ్గర మళ్లీ గని తెరిచింది. కోలారుతోపాటు అదీ 2001లో మూతపడింది. ఈ రెండు విడతల్లోనూ రాతిలో బంగారం ఎంతో తేల్చింది తవ్వి తీసిన నమూనా, మూసలో కరిగించి చేసిన పరీక్ష.

యంత్రం ఎలా పుట్టింది

1879లో డేవిడ్ హ్యూస్ రూపొందించిన ఇండక్షన్ బ్యాలెన్స్ ఈ పరికరానికి మూలం. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగినప్పుడు ఒంట్లోని తూటాను వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ అలాంటి పరికరాన్నే తెచ్చాడు. మంచం కింది ఇనుప స్ప్రింగులు దాన్ని తికమకపెట్టాయి. చుట్టూ ఉన్న పనికిమాలిన లోహమే అసలు శత్రువని ఆనాడే తేలింది. ఇవాళ మన పొలాల్లోనూ అదే తంటా.

గెర్హార్డ్ ఫిషర్ విమానాలకు దిక్కు చూపే రేడియో పరికరాలతో పనిచేస్తుండగా, ఖనిజాలున్న చోట సంకేతం తప్పుతోందని గమనించి 1930లలో మెటల్లాస్కోప్ తయారుచేశాడు. పేటెంటు 1937లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ ఇంజనీరు యోసెఫ్ కొసాట్స్కీ చేసిన మందుపాతర డిటెక్టరు 1942లో ఎల్ అలమీన్ యుద్ధంలో వాడారు. ట్రాన్సిస్టర్లు వచ్చాక బరువు తగ్గి సామాన్యుల చేతికి చేరింది. 1980లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం కింగోవర్ దగ్గర గారెట్ కంపెనీ డిటెక్టరుతో 27 కిలోలు దాటిన బంగారు ముద్ద దొరికింది. దానికి హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అని పేరుపెట్టారు. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. నీళ్లు లేని ఎడారిలో కడగకుండానే బంగారం ఏరుకోవచ్చన్న ఆశ అలా పెరిగింది.

ఎంపికలో అసలు మెలిక

బంగారం కోసం వాడే డిటెక్టర్లు స్థూలంగా రెండు రకాలు. తక్కువ ఫ్రీక్వెన్సీ యంత్రాలు నిరంతరం తరంగాన్ని పంపి, తిరిగొచ్చే తేడాను చదువుతాయి. నాణేల వేటకు వాడేవి చాలావరకు 7 నుంచి 15 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తే, సన్న బంగారానికి ఉద్దేశించినవి ఇంకా పైకి వెళతాయి. మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 45 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తే, ఫిషర్ గోల్డ్ బగ్ 2 ఏకంగా 71 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగితే చిన్న ముక్కకు చురుగ్గా స్పందిస్తుంది, లోతు తగ్గుతుంది. రెండోరకం పల్స్ ఇండక్షన్. ఇది కరెంటును తుంపులుగా పంపి, ఆగిన క్షణంలో లోహంలో మిగిలిన స్పందనను వింటుంది. ఇనుము కలిసిన నేలను ఇది బాగా తట్టుకుంటుంది, కానీ మేకుకీ బంగారానికీ తేడా చెప్పడంలో బలహీనం. 1985లో అడిలైడ్‌లో మొదలైన మైన్‌ల్యాబ్ ఈ రంగంలో పేరుమోసింది. మేలురకం యంత్రం ధర లక్షల్లో ఉంటుంది.

లోతు గురించి అమ్మకందారులు చెప్పే మాటల్ని ఒక లెక్కతో సరిచూసుకోవచ్చు. చిన్న లోహపు ముక్క కాయిల్ (నేల మీద ఆడించే తీగచుట్ట) వ్యాసాన్ని మించిన లోతులో ఉంటే, దాని నుంచి వచ్చే సంకేతం దూరానికి ఆరో ఘాతంలో పడిపోతుంది. అంటే లోతు రెట్టింపైతే సంకేతం 64వ వంతుకు దిగుతుంది. గుండుసూది తలంత ముక్కకు కొన్ని సెంటీమీటర్లే హద్దు. పెద్ద కాయిల్ పెద్ద ముద్దల కోసం, చిన్న కాయిల్ సన్న ముక్కల కోసం.

ఇక అనంతపురం నేలకు వద్దాం. ఎర్రమట్టిలో ఇనుప ఆక్సైడులు, షిస్ట్ పట్టీల్లో మాగ్నటైట్ ఉన్న రాళ్లు ఉండటంతో, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల ఇచ్చే సంకేతాన్ని తీసేసే సర్దుబాటు) సరిగా కుదరని యంత్రం అడుగడుగునా దొంగకూతలు కూస్తుంది. ఆపైన మనుషులు వదిలిన చెత్త: నాగలి కర్రు విరుగులు, ఎండిపోయిన బోరుబావి పైపు ముక్కలు, మోటారు తీగ, గుట్కా పొట్లాల రేకు, సీసామూతలు. రేకు ముక్క సంకేతమూ సన్న బంగారం సంకేతమూ దాదాపు ఒక్కటే. రేకుని వద్దని యంత్రానికి చెబితే బంగారాన్నీ వదిలేస్తుంది.

వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరి వానలకు జనం పొలాల్లో వజ్రాలు వెతుకుతారు. అందుకు డిటెక్టరు కొనడం వట్టి దండగ. వజ్రం లోహం కాదు, కరెంటు పారదు. వానకు కడిగిన నేల మీద పొద్దుటి ఎండలో వంగి చూసే కన్నే అక్కడి పరికరం.

ఇదే ప్రేరణ సూత్రాన్ని పెద్ద ఎత్తున వాడితే మాత్రం ఖనిజాన్వేషణకు పనికొస్తుంది. 1967-68లో ఆపరేషన్ హార్డ్‌రాక్ పేరిట రాజస్థాన్, బిహార్, ఆంధ్రప్రదేశ్ ప్రాంతాల మీద విమానాలతో విద్యుదయస్కాంత సర్వే చేశారు. అలాంటి సర్వేలు వెతికేది బంగారాన్ని కాదు, కరెంటును పారించే గంధక ఖనిజాల మేటలను. బంగారం ఉందో లేదో తేల్చేది ఆ తర్వాతి డ్రిల్లింగు, ప్రయోగశాల.

గుప్తనిధులు, మోసాలు

పెనుకొండ, గుత్తి లాంటి కోటలు, పాడుబడిన గుళ్లు ఉన్న సీమ కాబట్టి విజయనగర రాజులు పాతిపెట్టిన ధనం గురించిన మాట ఇక్కడ ఎప్పుడూ ఆగదు. డిటెక్టరుతో రాత్రిపూట గుడి దగ్గర తవ్వుతూ పట్టుబడిన ముఠాల వార్తలు రాయలసీమ పత్రికల్లో మామూలే. ప్రభుత్వమూ ఈ మోజుకు అతీతం కాదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే తవ్వకాలు జరిగాయి. అంతకుముందు 2013లో ఉత్తరప్రదేశ్‌లోని డౌండియా ఖేడాలో ఒక సాధువు కల ఆధారంగా పురావస్తు శాఖ తవ్వింది. రెండుచోట్లా నిధి దొరకలేదు.

దూరం నుంచే బంగారాన్ని చూపిస్తామని అమ్మే కడ్డీల పరికరాలు పచ్చి మోసం. నకిలీ బాంబు డిటెక్టర్లు అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలుశిక్ష వేసింది. అతని సరుకుకు మూలం గోల్ఫ్ బంతులు వెతికే బొమ్మ యాంటెన్నా. మన దగ్గర బియ్యపు గింజల్ని లాక్కునే మహిమ ఉందంటూ రైస్ పుల్లింగ్ చెంబుల పేరుతో జరిగే మోసం దీని చుట్టమే.

చట్టం

డిటెక్టరు చేతిలో ఉన్నంతమాత్రాన వెతికే హక్కు రాదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం ఖనిజాన్వేషణకు అనుమతి తప్పనిసరి. 2023 సవరణ అన్వేషణ లైసెన్సు అనే కొత్తరకం తెచ్చింది. అది వర్తించే ఖనిజాల్లో బంగారమూ ఉంది, దాన్ని వేలంలోనే పొందాలి. పాతిపెట్టిన ధనం సంగతి 1878 నాటి నిధుల చట్టం చూసుకుంటుంది. దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి, దాచిపెడితే ఏడాది వరకు జైలు. రామగిరి 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కనుక, అక్కడ దొరికినదాని గురించి ఇప్పుడు చెప్పాల్సింది పుట్టపర్తి కలెక్టరుకు.