పాట వెల: గ్రామఫోను ప్లేటు నుండి అంతర్జాలము వరకు

అనంతపురం జిల్లా తాడిపత్రిలో 1912లో జన్మించిన కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున 'మాయాబజార్' చిత్రము 1957లో విడుదలయ్యెను. అందలి పాటను తలచినపుడెల్ల ఇంట వినవలెనన్న ఆనాడు గ్రామఫోను ప్లేటు కొనవలసియుండెడిది. నేడు తాడిపత్రి విద్యార్థి సెల్‌ఫోనులో దానిని విడిగా వెల చెల్లింపకయే వినగలడు. పాట మారలేదు. మరి మారినదేమి?

మన దేశమున 1902లో గైస్‌బర్గ్ అను నిపుణుడు కలకత్తాలో గౌహర్‌జాన్ పాటలను రికార్డు చేసెను. నిమిషమునకు 78 సారులు తిరుగు ఆ ప్లేటు ఒకవైపున సుమారు మూడు నిమిషముల పాట పట్టెడిది. లక్క, అచ్చు, రవాణా, దుకాణదారు లాభము: ప్రతి ప్లేటుకును ఈ ఖర్చులు తప్పవు. 1980 తరువాత కాసెట్టు వలన ఇంటనే నకలు తీయుట వ్యాపించెను. కాని నకలుకు మరొక కాసెట్టు కావలెను. నకలుకు నకలు తీసినకొలది ధ్వని చెడెడిది.

పాటను అంకెలుగా మార్చుటతో ఈ ఆటంకములు తొలగెను. ఎం.పి.3 పద్ధతి ఆ అంకెలను సుమారు పదవవంతుకు కుదించెను. 1999లో అమెరికాలో 'నాప్‌స్టర్' ద్వారా లక్షలాది జనులు పాటలు పంచుకొనిరి. న్యాయస్థానముల తీర్పులతో అది 2001లో ఆగెను.

మన రైతు ఒక బస్తా వేరుసెనగ విత్తనము పొరుగువాని కిచ్చిన, తన యింట ఒక బస్తా తరుగును. అంతర్జాలమున పాట నిచ్చినవానికి ఏమియు తరుగదు. రెండవ ప్రతి ఖర్చు దాదాపు సున్న. కాని కవికి, గాయకునికి, వాద్యకారులకు అగు మొదటి ప్రతి ఖర్చు అట్లే నిలిచెను. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

2003లో ఆపిల్ సంస్థ పాట ఒక్కింటికి 99 సెంట్ల చొప్పున అమ్మజూపెను. పిమ్మట చందా, ప్రకటనల పద్ధతి వచ్చెను. మన దేశమున 2016 నుండి డేటా చౌకయగుటతో అది పల్లెలకును పాకెను. 2024లో ప్రపంచ ధ్వనిముద్రణ రాబడిలో మూడింట రెండువంతులకు పైగా ఇట్లు వచ్చినదే. ప్లేటును ఒక్కసారి విన్నను, వేయిసార్లు విన్నను కంపెనీకి వచ్చినది ఒకే వెల. ఇప్పుడు విన్న ప్రతిసారి లెక్కకు వచ్చును. అయితే ఒక్కొక్క వినికిడికి దక్కునది అత్యల్పము. కనుక పాత పాటయు మరల సంపాదించుచున్నది.

ఆ సంపాదన ఎవరిది? 2012 కాపీరైటు సవరణ చట్టము ప్రకారము, సినిమాహాలు వెలుపలి వినియోగములకు కవి, సంగీతకర్తలు తమ రాయల్టీ వాటాను వదలుకొను ఒప్పందము చెల్లదు. పల్లె గాయకునికి నేడు ప్లేట్ల కర్మాగారముతో పనిలేదు. ఫోనులో పాడి లోకమునకు వినిపింపగలడు. కాని వినువారు వేలలోనే యున్న, ఆ రాబడితో ఇల్లు గడువదు. నకలు ఖర్చు పోయినను, పాడువాని పొట్ట గడచు మార్గము ఇంకను వెదకవలసియే యున్నది.