రాబీ చట్టం
అమెరికా సైన్యంలో పనిచేసి విరమించిన కుక్కలను సాధారణ పౌరులు కూడా దత్తత తీసుకునే వీలు కల్పించిన చట్టం. 2000 నవంబరులో అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం చేశాడు. అంతకుముందు సైన్యం లెక్కలో కుక్క కూడా సామగ్రే. వయసుడిగితే సూదిమందు ఇచ్చి చంపేసేవారు. వియత్నాం యుద్ధానికి పంపిన వేల కుక్కల్లో తిరిగొచ్చినవి సుమారు 200. ఇంత అన్యాయం దశాబ్దాలపాటు సాగింది. బెల్జియన్ మాలినాయ్ జాతి రాబీని ఇంటికి తీసుకెళ్తానని దాని సంరక్షకుడు ప్రాధేయపడ్డాడు. చట్టానికి దాని పేరే పెట్టారు గానీ, కీళ్లనొప్పులతో కుంగిన రాబీకి అది అక్కరకు రాలేదు; 2001 జనవరిలో దాన్ని చంపేశారు.

దత్తతకు ముందు కరిచే స్వభావాన్ని పరీక్షిస్తారు. రుసుము లేదు, వైద్యం ఖర్చు మాత్రం పెంచుకునేవారిదే. యుద్ధం చూసిన కుక్కలు కొన్ని బాణసంచా చప్పుడుకే వణికిపోయి మంచం కిందికి దూరతాయి. వాటికి ఓపికే మందు.