కులం మీద ఒక ప్రశ్న: మన సమాజశాస్త్రం ఎక్కడ మొదలైంది?

మన దేశంలో సమాజశాస్త్రం ఎదిగిన తీరును పాఠ్యపుస్తకాలు దాదాపు ఒకే వరసలో చెబుతాయి. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో పాట్రిక్ గెడ్డెస్ నాయకత్వాన శాఖ ఏర్పడింది. 1921లో లక్నోలో రాధాకమల్ ముఖర్జీ బోధన ప్రారంభించారు. బొంబాయిలో ఘుర్యే ఒక తరం పరిశోధకులను తయారుచేశారు. ఆయన శిష్యుడు ఎం.ఎన్. శ్రీనివాస్ ఊళ్లకు వెళ్లి, గ్రంథాల్లోని సమాజం వేరు, కళ్లెదుట ఉన్న సమాజం వేరు అని చూపారు. అక్కడితో మన సమాజశాస్త్రం ఇంగితజ్ఞానం నుంచి విడివడి శాస్త్రమైంది. ఈ కథనంలో తేదీలు సరైనవే. అయితే ఇది శాఖల చరిత్ర. దీన్నే శాస్త్ర చరిత్రగా చెప్పుకోవడంలో పొరపాటు ఉంది. ఊరికి వెళ్లి చూసినంత మాత్రాన ఇంగితజ్ఞానం వదిలిపోదు, దాన్ని వెంటబెట్టుకునే ఊరికి వెళ్లవచ్చు. అందరికీ తెలిసిందే అనుకున్న విషయానికి కారణం ఏమిటని అడగడం, చెప్పిన కారణం తప్పయితే ఆ తప్పు పట్టుబడేలా చెప్పడం, ఈ రెండూ కలిసిన చోట శాస్త్రం మొదలవుతుంది. ఆ లెక్కన మన సమాజశాస్త్రానికి తొలి మెట్టు 1919 కాదు, 1916. దాన్ని వేసిన వ్యక్తి ఏ సమాజశాస్త్ర శాఖలోనూ ఆచార్యుడు కాదు.

ఐరోపా నేపథ్యం తెలిసిందే కనుక రెండు మాటలు చాలు. ఆగస్ట్ కామ్టే ఈ శాస్త్రానికి పేరు పెట్టాడు. ఎమిల్ దుర్ఖైమ్ 1895లో దీని పద్ధతిని నిర్దేశించి, 1897లో ఆత్మహత్యల మీద రాసిన గ్రంథంలో ఆచరించి చూపాడు. పూర్తిగా వ్యక్తిగతమనుకునే చావు వెనక కూడా సామాజిక కారణాలుంటాయన్నది ఆయన వాదం. ఇక్కడ అదే కాలంలో జరిగిన పని వేరు. భారత గ్రామం తనలో తాను సంపూర్ణమైన చిన్న రిపబ్లిక్ అని 1830లో బ్రిటిష్ అధికారి మెట్కాఫ్ అన్న మాటను అధికారులు, మేధావులు దశాబ్దాల పాటు వల్లించారు. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిజ్లీ కులాలను హెచ్చుతగ్గుల వరసలో పేర్చాడు. ముక్కుల కొలతలతో కులానికీ జాతికీ ముడిపెట్టాడు. వరసలో తమ స్థానం తప్పుగా పడిందంటూ కుల సంఘాల నుంచి అర్జీలు వెల్లువెత్తాయి. అంకెలున్నాయి, పరికరాలున్నాయి, దేశమంతా తిరిగిన సిబ్బంది ఉన్నారు. అయినా కులం అంటే పైనుంచి కిందికి ఉన్న నిచ్చెన అన్న అప్పటి పెద్దల నమ్మకమే కొలతల వేషంలో బయటికొచ్చింది.

తెలుగునాట ఇంతకంటే నిజాయితీగల ప్రయత్నం జరిగింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. గురజాడ అప్పారావు 1897లో ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకు రాసిన ఇంగ్లిషు ముందుమాటలో ఒక పట్టికను ప్రస్తావించారు. విజయనగరం మహారాజు ఆజ్ఞపై విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాలను లెక్కగట్టిన పట్టిక అది. 3 ఏళ్లలో నమోదైనవి 1034. ఆ పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఏడాది. ఏ విశ్వవిద్యాలయంలోనూ సమాజశాస్త్ర శాఖ లేని రోజుల్లో ఇంత పదునైన సామాజిక సమాచారం మన జిల్లాలో సేకరించారన్నది గర్వించదగ్గ సంగతి. కానీ ఆ అంకెలు చట్టం కోసం, సంస్కరణ కోసం పోగైనవి. శుల్కానికి కారణం తండ్రి ధనాశ, వితంతువు దుస్థితికి కారణం మూఢాచారం, దానికి మందు చదువు, శాస్త్రాల్లో అనుమతి వెతకడం అన్నంత వరకే నాటి సంస్కరణ వాదం సాగింది. బాల్యవివాహం ఒక దురాచారం, నిర్బంధ వైధవ్యం మరొకటి, ఎప్పుడో నిషేధించిన సతి ఇంకొకటి. ఈ మూడూ ఒకే సమాజంలో ఎందుకు కలిసి ఉన్నాయన్న ప్రశ్న ఎవరూ గట్టిగా వేయలేదు.

ఆ ప్రశ్న వేసింది ఇరవై అయిదేళ్ల భీమ్‌రావ్ అంబేడ్కర్. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, అలెగ్జాండర్ గోల్డెన్‌వైజర్ నడిపిన మానవశాస్త్ర సదస్సులో, భారతదేశంలో కులాల పుట్టుక, పనితీరు, వ్యాప్తి గురించి ఆయన ఒక పత్రం చదివారు. అది మరుసటి ఏడాది ‘ఇండియన్ యాంటిక్వరీ’లో అచ్చయింది. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేత్కర్ ఇచ్చిన నిర్వచనాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, అంటుముట్టు, వృత్తి, కలిసి తినకపోవడం వంటివి కులానికి మూలం కావని, స్వకులంలోనే పెళ్లి చేసుకోవాలన్న నియమమే మూలమని తేల్చారు. తరవాతి అడుగులోనే ఆయన ప్రతిభ ఉంది. ఒక గుంపు తన చుట్టూ గిరి గీసుకుని బయటివారితో పెళ్లిళ్లు మానేస్తే, లోపల పెళ్లీడు ఆడవాళ్ల సంఖ్యా మగవాళ్ల సంఖ్యా సరితూగాలి. భర్త చనిపోతే భార్య మిగిలిపోతుంది. ఆమె బయటివాణ్ణి చేసుకుంటే గిరి చెదురుతుంది, లోపలివాణ్ణి చేసుకుంటే మరో పిల్లకు వరుడు తగ్గుతాడు. కనుక ఆమెను భర్త చితిపైకి పంపడమో, బతికినన్నాళ్లూ వైధవ్యంలో ఉంచడమో జరుగుతుంది. భార్య చనిపోయిన మగవాడూ మిగిలిపోతాడు. అతణ్ణి గుంపు వదులుకోదు, సన్యాసమూ ఇప్పించదు. ఇంకా పెళ్లీడు రాని పిల్లల్లోంచి ఒకరిని తెచ్చి కడుతుంది. సంస్కర్తలు విడివిడిగా చూసిన మూడు దురాచారాలూ ఇలా ఒకే నియమాన్ని కాపాడే మూడు ఏర్పాట్లుగా తేలాయి. మనువు కులాన్ని సృష్టించాడన్న లోకాభిప్రాయాన్నీ ఆయన ఒప్పుకోలేదు. అంత పెద్ద వ్యవస్థను ఒక్కడు శాసనంతో రుద్దలేడు, అప్పటికే ఉన్నదాన్ని మనువు క్రోడీకరించాడు అన్నారు. ఈ వెలుగులో గురజాడ పట్టికను మళ్లీ చదివితే ఐదేళ్ల పిల్లకు వెల ఎందుకు పలికిందో తెలుస్తుంది. ముసలి వరుడికి గిరి లోపలే పెళ్లికూతురు దొరకాలి. మిగిలిన వితంతువులు ఎంతమంది ఉన్నా అతనికి నిషిద్ధం. ఇక పసిపిల్లకు గిరాకీ పెరగక తప్పదు. తండ్రి ధనాశ నిజమే, కానీ దానికి సంతను ఏర్పరచింది పెళ్లి నియమం.

దీని మీద వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది, ఇది కూర్చున్న చోట చేసిన ఊహ, క్షేత్ర పరిశీలన కాదు. రెండోది మరింత బలమైనది. తెలుగునాట ఎన్నో కులాల్లో మారుమనువు ఆచారంగా ఉండేది, అయినా అవి స్వకుల వివాహ నియమాన్ని గట్టిగా పాటించాయి. అలాంటప్పుడు వైధవ్యం ఆ నియమానికి కాపలా ఎలా అవుతుంది? ఈ ప్రశ్న తలెత్తుతుందని ఎరిగే అంబేడ్కర్ జవాబిచ్చారు. మొదట గిరి గీసుకున్నది బ్రాహ్మణ వర్గమనీ, మిగతా వర్గాలు కొంత అనుకరణతో, కొంత తలుపులు మూసుకుపోవడంతో కులాలయ్యాయనీ, దగ్గరి కులాలు మూడు ఆచారాలనూ పాటిస్తే, దూరం పెరిగేకొద్దీ ఒక్కొక్కటే జారిపోయి చివరికి కుల నియమం ఒక్కటే మిగులుతుందనీ ఆయన వాదన. ఈ జవాబుతో అభ్యంతరం పూర్తిగా తీరిందనలేం. అడుగు కులాల్లో ఏ కాపలా ఏర్పాటూ లేకుండా నియమం ఎలా నిలబడిందో ఆ పత్రం చాలినంతగా చెప్పదు. మారుమనువు ఉన్న కులాల్లోనూ వధువుకు ఓలి ఇచ్చే ఆచారం ఉండేది గనుక, వధువుకు వెల కట్టడాన్ని పూర్తిగా ఈ సిద్ధాంతానికే ముడిపెట్టలేం. బ్రాహ్మణ వర్గమే మొదటిదన్నది కూడా అనుమితి మాత్రమే. అయినా ఈ అభ్యంతరాలను వివరాలతో సహా లేవనెత్తగలుగుతున్నామంటే అందుకు కారణం ఆ వాదన నిర్మాణమే. ఫలానా కులంలో ఫలానా ఆచారం ఉంటుందని అది ముందే చెప్పి, పరీక్షకు నిలబడుతుంది. ‘పెద్దలు పెట్టిన కట్టుబాటు’ అన్న ఇంగితజ్ఞానపు జవాబును ఏ ఆధారంతోనూ కాదనలేం. అందుకే దాన్నుంచి కొత్తగా తెలిసేదీ ఏమీ ఉండదు.

క్షేత్ర పరిశోధన విలువను తగ్గించడం నా ఉద్దేశం కాదు. కూర్గు ప్రజలపై 1952లో వెలువడిన శ్రీనివాస్ గ్రంథం, కింది కులాలు పై కులాల ఆచారాలను చేపట్టి హోదా పెంచుకునే తీరును సాక్ష్యాలతో నిరూపించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే బృందం శామీర్‌పేటను పరిశీలించగా 1955లో వచ్చిన పుస్తకం ఒక తెలంగాణ గ్రామాన్ని ప్రపంచ పరిశోధకుల ముందుంచింది. స్వయంసంపూర్ణ గ్రామమన్న పాత నమ్మకం ఇలాంటి పరిశీలనల ముందు నిలవలేదు. కానీ అనుకరణ మెట్లు మెట్లుగా పాకుతుందన్న ఆలోచన శ్రీనివాస్ గ్రంథానికి 35 ఏళ్ల ముందే అంబేడ్కర్ పత్రంలో అచ్చులో ఉందన్న సంగతిని మన పుస్తకాలు చెప్పవు. ఊళ్లో పరిశోధకుడు ఎవరింట దిగాడన్నదాన్ని బట్టి ఊరు కనిపించే తీరు మారుతుందన్న సంగతినీ అవి తగినంత పట్టించుకోవు. మైసూరు ప్రాంతంలోని రాంపురలో ఊరి పెద్దల నీడన ఉన్న శ్రీనివాస్‌కు దళితవాడ అంత దగ్గరగా కనిపించలేదు. మరోవైపు, పూర్వం అందరివీ ఉమ్మడి కుటుంబాలే, ఇప్పుడే విడిపోతున్నాయన్న గట్టి నమ్మకాన్ని ఎ.ఎం. షా కదిలించగలిగారు. అందుకు ఆయనకు తోడ్పడిన ఆధారాల్లో గుజరాత్‌లోని రాధ్వానజ్ గ్రామానికి చెందిన 1825 నాటి గణన పత్రాలు ముఖ్యమైనవి. చిన్న కుటుంబాలు అప్పటికే మెండుగా ఉన్నాయని వాటిలో తేలింది. అడగాల్సింది అడిగితే పాత దస్తావేజు కూడా క్షేత్రమే అవుతుంది.

ఈనాటి స్థితి నాకు సంతృప్తినివ్వదు. ఇంగితజ్ఞానానికీ సమాజశాస్త్రానికీ తేడాలను రెండు నిలువు వరసల్లో రాయించి పరీక్ష పెట్టే చదువు, ఆ తేడాను ఒక్కసారి కూడా ఆచరించి చూపదు. సిలబస్‌లలో అంబేడ్కర్ పేరు చేరింది. అయితే ఆలోచనాపరుల జాబితాలో చేరినంతగా పద్ధతికి ఉదాహరణగా చేరలేదు. 2011-12 భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం కులాంతర వివాహాలు 5 శాతం దరిదాపుల్లోనే ఉన్నాయి. చదువు, నగరం, విదేశీ ఉద్యోగం కులాన్ని తుడిచేస్తాయన్న ధీమాకు ఆ అంకె జవాబు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ కులాల వారీగా సంబంధాలు వెతికే పెళ్లి వేదికలు ఉన్నాయి. సతి పోయింది, బాల్యవివాహం తగ్గింది, వితంతువు మళ్లీ పెళ్లాడవచ్చు. కాపలా ఏర్పాట్లు చాలావరకు కూలినా గిరి చెక్కుచెదరలేదంటే, దాన్ని ఇప్పుడు నిలబెడుతున్నది ఏమిటి? ఆస్తా, కట్నమా, ఉద్యోగాల్లో సాయపడే బంధువర్గమా, ఊళ్లో దాడి జరుగుతుందన్న భయమా? 2024లో తెలంగాణ ఇంటింటి కులసర్వే జరిపింది. రాబోయే జనాభా లెక్కల్లో కులగణన ఉంటుందని కేంద్రం 2025లో ప్రకటించింది. ఆ లెక్కలు కావాల్సిందే. లేకపోతే అన్యాయం కనపడదు. కానీ వాటిని సీట్ల పంపకానికి, ఎన్నికల గణితానికి మాత్రమే వాడుకుంటే, 1034 పెళ్లిళ్ల పట్టిక దగ్గరే మనం ఆగిపోయినట్టు. ఆ అంకెల వెనక పనిచేస్తున్న నియమాన్ని వెతకడం సమాజశాస్త్రవేత్త పని. మన విశ్వవిద్యాలయాలు ఆ పనిని భుజాన వేసుకోనంత కాలం వాటిలో సమాజశాస్త్ర శాఖ ఉందనగలమే గాని, సమాజశాస్త్రం ఉందనలేం.