ధ్రువం అంచున నూరేళ్ల లెక్క

స్వీడన్‌లో స్థిరపడ్డాక ఈ దేశ చరిత్ర ఎప్పుడు చదివినా 1903 దగ్గర ఆగిపోతుంటాను. కిరునా గనుల ఇనుప ఖనిజాన్ని నార్వేలోని నార్విక్ రేవుకు చేర్చే రైలు మార్గాన్ని రెండో ఆస్కార్ రాజు ప్రారంభించింది ఆ ఏడాదే. ఆ పట్టాల పక్కనే శాస్త్రజ్ఞులు ఒక చిన్న పరిశోధనా కేంద్రం పెట్టుకున్నదీ, స్వాంటె అరీనియస్ ఈ దేశానికి మొదటి నోబెల్ బహుమతి తెచ్చిందీ అప్పుడే.

ఇప్పటి సంపద చూసి స్వీడన్ ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకోకండి. 19వ శతాబ్దంలో ఇది పేద దేశం. పంటలు పోయి, పొట్ట చేతపట్టుకుని పది లక్షల మందికి పైగా అమెరికాకు వలసపోయారు. దేశాన్ని నిలబెట్టినవాటిలో ఉత్తరాది ఇనుము ఒకటి. ఆ ఇనుము దొరికింది సామీల నేలలో. తరతరాలుగా రెయిన్‌డీర్ మందలు మేపుకుంటున్న వాళ్ల బీళ్ల మీదుగానే పట్టాలు పడ్డాయి. సామీలు ఇక్కడి ఆదివాసులని పార్లమెంటు గుర్తించడానికి 1977 దాకా పట్టింది.

అరీనియస్‌కు నోబెల్ వచ్చింది వేరే పనికి. కానీ మనందరికీ సంబంధించిన పని ఆయన అంతకుముందే, 1896లో చేశాడు. గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందని నెలల తరబడి చేత్తో లెక్కలు కట్టి తేల్చాడు. అందుకు వేల ఏళ్లు పడుతుందనీ, తమలాంటి చలిదేశాలకు అది మేలేననీ ఆయన నమ్మకం.

ఆ వేడి నిజంగా ఎలా వస్తోందో రాసిపెట్టింది మాత్రం పట్టాల పక్కన పెట్టిన ఆ కేంద్రమే. 1910లో అది కాలిపోతే, ఆర్కిటిక్ వృత్తానికి సుమారు 200 కిలోమీటర్ల ఉత్తరాన, అబిస్కోలో మళ్లీ కట్టారు. 1913 నుంచి అక్కడ వాతావరణం నమోదవుతూనే ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చిపోయినా ఆ పని ఆగలేదు. 2006 నాటికి అక్కడి సగటు ఉష్ణోగ్రత సుమారు 2.5 డిగ్రీలు పెరిగి, సున్నా దాటింది. గడ్డకట్టిన నేలకు ఆ సున్నాయే సరిహద్దు.

ఈ కేంద్రానికి చాలాకాలం అధిపతిగా ఉన్న బ్రిటిష్ శాస్త్రవేత్త టెర్రీ కాలహన్ తన జీవితాన్ని టండ్రా మొక్కలకే ఇచ్చాడు. చలికాలం మధ్యలోనే మంచు కరిగిపోతే ఏమవుతుందో చూడటానికి, 2007 మార్చిలో ఆయన బృందం మంచు కింద ఉన్న పొదల మీద ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వేలాడదీసి, వారం పాటు ఆ మంచును కరిగించింది. బయట ఎంత చలి ఉన్నా, పేరుకున్న మంచు కింద క్రోబెర్రీ లాంటి నేలబారు పొదలు క్షేమంగా ఉంటాయి. అది కరిగేసరికి వసంతం వచ్చేసిందనుకుని మొగ్గలు మేలుకున్నాయి. దీపాలు తీసేయగానే చలి వాటిని కాల్చేసింది. అకాల వానకు కళ్లంలో ధాన్యం మొలకెత్తి పాడైనట్టే ఇదీ. వేసవిలో చూస్తే కొమ్మలు ఎండి, పండ్లు దాదాపు లేకుండా పోయాయి. అదే ఏడాది డిసెంబరులో ఉత్తర నార్వేలో మంచు దానంతటదే అకాలంగా కరిగింది. మరుసటి వేసవికి 1,400 చదరపు కిలోమీటర్లకు పైగా పచ్చదనం దెబ్బతిన్నట్టు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది.

అబిస్కో దగ్గరి స్టోర్డాలెన్ చిత్తడి నేలలో చెక్కబాటల మీద నడిస్తే ఈ మార్పు కాళ్ల పక్కనే కనిపిస్తుంది. లోపలి మంచు కరిగి పీట్ (కుళ్లీ కుళ్లని మొక్కల మట్టి) దిబ్బలు కుంగుతున్నాయి. కుంగినచోట నీరు నిలిచి, పొదలు పోయి, తెల్లని దూదికుచ్చుల గడ్డి వస్తోంది. ఆ నీటి అడుగున సూక్ష్మజీవులు పాత పీట్‌ను కుళ్లబెడితే మీథేన్ బయటికొస్తుంది. ఆ వాయువు మన తెలుగు తీరం మీది గాలినీ వేడెక్కిస్తుంది. ఇక చలికాలంలో వాన పడితే, అది నేల మీద గట్టి పెచ్చులా గడ్డకడుతుంది. కింద ఉన్న నాచులాంటి లైకెన్ మేత రెయిన్‌డీర్లకు అందదు. నాడు పట్టాలకు బీళ్లు పోగొట్టుకున్న సామీలకు ఇది రెండో దెబ్బ.

అరీనియస్‌ను లోకమంతా ఎరుగును. నూరేళ్లుగా చలిలో బయటికి వెళ్లి అంకెలు చూసి రాసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లు లేకపోతే కాలహన్‌కు పోల్చి చూసుకోవడానికి నిన్నటి లెక్కే ఉండేది కాదు. ఈ దేశంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది ఆ ఓపికే.

అది మనకు కొత్తేమీ కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840ల్లోనే సొంత ఖర్చుతో వేధశాల నడిపాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని కొనసాగించాడు. మన మండల కార్యాలయాల్లో బూజుపట్టిన వర్షపాతం రిజిస్టర్లు ఆ కోవలోవే. వాటిని తూకానికి పోనివ్వకండి. మీ ఊరి బడిలో ఒక వానమాపకం పెట్టించి, పిల్లలతో రోజూ రాయించండి. మన రుతువులు ఎంత మారాయో రేపు ఎవరైనా తేల్చాలంటే ఆ అంకెలు మన దగ్గరే ఉండాలి.