వయసు, బరువు, కాగితం: పిల్లల కబడ్డీ జట్లను ఎలా విడగొడతారు?

పదమూడేళ్ల పిల్లాడిని పందొమ్మిదేళ్ల యువకుల కోర్టులోకి కూతకు పంపితే అది పోటీ కాదు. అందుకే పిల్లల పోటీల్లో జట్లను వయసును బట్టి, కబడ్డీ, కుస్తీ, బాక్సింగ్ వంటి ఆటల్లో బరువును బట్టి కూడా విడగొడతారు. ఈ లెక్క మనకు తెలిసి ఉండాలి. తెలియకపోతే నష్టపోయేది మన వాడల పిల్లలే.

బడి పోటీలు: స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాలున్నాయి. బాలురు, బాలికలు వేరు. వయసును ఏ తేదీ నాటికి లెక్కిస్తారో సర్క్యులర్‌లో ముందే చూసుకోవాలి.

అమెచ్యూర్ కబడ్డీ: సబ్ జూనియర్లకు వయసు 16 ఏళ్లు, బరువు 55 కిలోలు దాటకూడదు. జూనియర్లకు 20 ఏళ్లు. బాలురకు 70 కిలోలు, బాలికలకు 65 కిలోలు. కోర్టు కొలత కూడా మారుతుంది. జూనియర్ బాలురకు 13×10 మీటర్లు, జూనియర్ బాలికలకు 12×8, సబ్ జూనియర్లకు 11×8.

చిక్కు ఎక్కడ?

తూకం అందరికీ ఒకటే. కాగితం అలా కాదు. ఇంట్లో కాన్పు అయిన బిడ్డకు, వలస పోయిన కుటుంబంలో పుట్టిన బిడ్డకు చాలాసార్లు పుట్టిన తేదీ నమోదే ఉండదు. బడిలో చేర్చిన రోజు మాస్టారు అంచనాగా వేసిన తేదీయే మిగులుతుంది. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. కూలికి పోయే తల్లికి అది ఎన్ని రోజుల కూలి?

వయసు దొంగతనం కూడా నిజమే. దాన్ని అరికట్టడానికి కేంద్రం 2010లో జాతీయ నియమావళి తెచ్చింది. అనుమానం వస్తే మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. అయితే ఎముక చెప్పేది అంచనా వయసే, పుట్టిన తేదీ కాదు.

మనం చేయాల్సినవి

పిల్లల జనన ధ్రువపత్రం, ఆధార్, స్టడీ సర్టిఫికెట్లలో తేదీ ఒకటేనా అని పోటీల సీజన్‌కు ముందే సరిచూడాలి. తూకం కోసం పిల్లలను పస్తులుంచడం, నీళ్లు మాన్పించడం ఒప్పుకోకూడదు.

ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి మన యువజన సంఘాలు పెట్టే టోర్నమెంట్లలోనూ వయసు, బరువు విభాగాలు పాటిద్దాం. కాగితం లేదని ఏ బిడ్డనూ గీత బయట నిలబెట్టవద్దు. బడి రికార్డు చూద్దాం, అందరి ముందూ తూకం వేద్దాం, ఆడిద్దాం.