కష్టకాలంలో కోచ్ జీతం: అమెరికా కళాశాలల అనుభవం

అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుడికి జీతమిచ్చే సంచి వేరు, ఫుట్‌బాల్ కోచ్‌కు జీతమిచ్చే సంచి వేరు. మొదటిది ప్రభుత్వ గ్రాంటు, విద్యార్థుల ఫీజులతో నిండుతుంది. రెండోదానికి టికెట్ల వసూళ్లు, పూర్వ విద్యార్థుల విరాళాలు, టీవీ హక్కుల సొమ్ము ఆధారం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టరు యూజీసీ స్కేలు మీద, లెక్చరర్ల సరసన జీతం తీసుకుంటాడు కనుక ఈ ఏర్పాటు తెలుగు పాఠకులకు కొత్తగా తోస్తుంది. ఆర్థిక ఇబ్బందులు వచ్చిన ప్రతిసారీ అమెరికాలో కోచ్‌ల జీతం కోత మీద రేగిన వివాదానికి మూలం ఈ రెండు సంచుల ఏర్పాటే.

మొదట్లో కోచ్ అనే ఉద్యోగమే లేదు. 1852లో హార్వర్డ్, యేల్ విద్యార్థుల మధ్య న్యూహాంప్‌షైర్ సరస్సులో జరిగిన పడవల పోటీ అమెరికాలో తొలి అంతర్ కళాశాల పోటీ. దాని ఖర్చు భరించింది ఆ దారిన రైళ్లు నడిపే కంపెనీ. 1869లో రట్‌గర్స్, ప్రిన్స్‌టన్ తొలి ఫుట్‌బాల్ ఆట ఆడినప్పుడు కూడా జట్టును నడిపింది విద్యార్థులే. జట్టు కెప్టెనే కోచ్. అమెరికన్ ఫుట్‌బాల్‌కు రూపురేఖలు దిద్దిన వాల్టర్ క్యాంప్ సైతం యేల్ జట్టుకు సలహాలిస్తూనే, జీవనం కోసం న్యూహేవెన్ గడియారాల కంపెనీలో పనిచేశాడు.

కోచ్‌కు జీతం కట్టిన తొలి విశ్వవిద్యాలయాల్లో షికాగో ముఖ్యమైనది. 1892లో విశ్వవిద్యాలయం తెరుచుకున్నప్పుడే అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్, ఎమాస్ అలోంజో స్టాగ్‌ను 2,500 డాలర్ల జీతంతో అసోసియేట్ ప్రొఫెసర్ హోదా ఇచ్చి తీసుకున్నాడు. ఉద్యోగ భద్రత కూడా అధ్యాపకులకున్నట్టే. కోచ్‌ను అధ్యాపక వర్గంలో కలిపిన ఈ పద్ధతి దేశమంతా పాకి ఉంటే తర్వాతి కథ మరోలా నడిచేది. కానీ నిలిచింది హార్వర్డ్ దారి. 1905లో బిల్ రీడ్ అనే 26 ఏళ్ల యువకుణ్ణి ఆ విశ్వవిద్యాలయం 7,000 డాలర్లకు కోచ్‌గా పెట్టుకుంది. అందులో సగం క్రీడా సంఘం ఇచ్చింది, మిగతా సగం పూర్వ విద్యార్థులు వేసుకున్నారు. అక్కడి ఏ ప్రొఫెసర్‌కూ అంత జీతం లేదు. మూడున్నర దశాబ్దాలుగా అధ్యక్ష పదవిలో ఉన్న చార్లెస్ ఎలియట్ జీతానికి అది దాదాపు సమానం. ఫుట్‌బాల్ మొరటుతనాన్ని ఎలియట్ బాహాటంగా విమర్శించేవాడు. అయినా కోచ్ జీతం ఆయన పద్దులోంచి పోవడం లేదు కాబట్టి ఆయన మాట అక్కడ చెల్లలేదు.

1920లలో ఆట పెద్ద వ్యాపారమైంది. ఒహాయో స్టేట్, ఇల్లినాయ్, కాలిఫోర్నియా, మిషిగన్ వరసగా భారీ స్టేడియాలు కట్టాయి. 1927లో తెరిచిన మిషిగన్ స్టేడియం కోసం ఆ విశ్వవిద్యాలయ క్రీడా విభాగాధిపతి ఫీల్డింగ్ యోస్ట్ ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున 3,000 బాండ్లు అమ్మాడు. రేపటి టికెట్ల మీద ఇవాళ చేసిన అప్పు అది. 1929 అక్టోబరులో కార్నెగీ సంస్థ కళాశాలల క్రీడల్లోని డబ్బు వ్యవహారాలను, ఆటగాళ్లకు చాటుగా ముట్టే సొమ్మును ఎండగడుతూ పెద్ద నివేదిక విడుదల చేసింది. ఆ రోజుల్లోనే వాల్ స్ట్రీట్ కుప్పకూలింది. నివేదిక చేయలేని పని మాంద్యం చేస్తుందని సంస్కర్తలు ఆశపడ్డారు.

కొంతవరకు జరిగింది కూడా. మాంద్యంలో ప్రేక్షకులు తగ్గారు, గేటు వసూళ్లు పడిపోయాయి, స్టేడియం బాండ్ల మీద వడ్డీ మాత్రం ఆగలేదు. విశ్వవిద్యాలయాలు అధ్యాపకుల జీతాలు కోశాయి. ఎన్నోచోట్ల ఆ కోతలో కోచ్‌లూ ఉన్నారు. కొన్ని చిన్న కళాశాలలు ఫుట్‌బాల్‌నే మానుకున్నాయి. వినోదాల టికెట్ల మీద పన్నును కేంద్ర ప్రభుత్వం 1932లో విస్తరిస్తే, ఫుట్‌బాల్ ఆదాయం విద్యకే పోతుంది కనుక తమకు వర్తించదని జార్జియా విశ్వవిద్యాలయాల బోర్డు కోర్టుకెక్కింది. 1938లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. టికెట్లు అమ్మి ఆట చూపించడం వ్యాపారమేనని తేల్చి, పన్ను కట్టమంది.

ఆ దశాబ్దంలోనే మరో ధోరణి మొదలైంది. పర్యాటకులను రప్పించుకోవడానికి మయామీ, న్యూ ఆర్లియన్స్ నగరాలు 1935 కొత్త సంవత్సరం రోజున ఆరెంజ్ బౌల్, షుగర్ బౌల్ పోటీలు పెట్టాయి. 1937లో డాలస్‌లో కాటన్ బౌల్ వచ్చింది. డబ్బు లేని కాలంలో క్రీడా విభాగాలు ఖర్చు తగ్గించుకోవడం కన్నా కొత్త ఆదాయం వెతుక్కోవడానికే మొగ్గు చూపాయి. ఆ అలవాటు ఇప్పటికీ మారలేదు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో దీనికి ఎదురునిలిచింది షికాగో ఒక్కటే అనాలి. స్టాగ్‌కు 70 ఏళ్లు నిండాయని 1932 సీజన్ తర్వాత విరమణ ఇప్పించి, 1939 డిసెంబరులో అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ హయాంలో ఫుట్‌బాల్‌నే ఎత్తేసింది. స్టాగ్ మాత్రం కాలిఫోర్నియా వెళ్లి మరో కళాశాలలో కోచ్‌గా చేరాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలాకాలం కోచ్‌ల జీతాలు మరీ ఆకాశానికి ఎగరలేదు. 1982లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం జాకీ షెరిల్‌తో ఆరేళ్లకు 17 లక్షల డాలర్లకు పైబడి ఒప్పందం చేసుకున్నప్పుడు దేశం నోరు వెళ్లబెట్టింది. 1984లో సుప్రీంకోర్టు, టీవీ ప్రసారాల మీద జాతీయ కళాశాలల క్రీడా సంఘం ఎన్‌సీఏఏకు ఉన్న గుత్తాధిపత్యాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత టీవీ సొమ్ము నేరుగా విశ్వవిద్యాలయాలకు, వాటి కూటములైన కాన్ఫరెన్సులకు పారింది. ఆటగాళ్లకు జీతాలివ్వకూడదన్న నియమం ఉండటంతో అందులో పెద్ద వాటా కోచ్‌ల వైపు మళ్లింది. 2007లో ఆలబామా నిక్ సేబన్‌కు ఏడాదికి 40 లక్షల డాలర్ల లెక్కన ఎనిమిదేళ్ల ఒప్పందం ఇచ్చింది.

1984కూ 2007కూ మధ్యలో జరిగిన ఒక ఉదంతం తర్వాతి కోతలన్నింటి తీరునూ నిర్ణయించింది. 1980ల చివర ఖర్చులు అదుపు తప్పుతున్నాయని ఎన్‌సీఏఏ ఒక కమిటీ వేసింది. 1991 జనవరిలో జరిగిన సభలో కొత్త నియమం ఆమోదం పొంది, 1992 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. మొదటి శ్రేణి కళాశాలల్లో ఫుట్‌బాల్ మినహా ప్రతి ఆటలో ఒక రకం సహాయక కోచ్‌కు విద్యా సంవత్సరానికి 12,000, వేసవికి 4,000 డాలర్లు, మొత్తం 16,000కు మించి ఇవ్వరాదన్నది దాని సారాంశం. అంతకుముందు ఇలాంటి పని చేస్తున్న కొందరు ఏటా 60,000 నుంచి 70,000 డాలర్ల దాకా సంపాదించేవారు. ప్రధాన కోచ్‌ల జీతాల జోలికి ఆ నియమం పోలేదు. పొదుపు కత్తెర నేరుగా అట్టడుగు మెట్టు మీద పడింది.

బాస్కెట్‌బాల్ సహాయక కోచ్ నార్మన్ లా, మరికొందరితో కలిసి కాన్సస్ ఫెడరల్ కోర్టుకు వెళ్లాడు. పోటీదారులంతా కూడబలుక్కుని జీతాలకు పరిమితి పెట్టడం 1890 నాటి గుత్తాధిపత్య నిరోధక షెర్మన్ చట్టానికి విరుద్ధమన్నది వారి వాదన. కొత్తవారికి అవకాశం దక్కాలనే ఈ ఉద్యోగాలు పెట్టామని, జట్ల మధ్య సమానత్వం కోసమని, ఖర్చు తగ్గించడం కోసమని ఎన్‌సీఏఏ మూడు కారణాలు చూపింది. ఆ ఉద్యోగాల్లో ఏళ్ల అనుభవమున్న కోచ్‌లు కూడా ఉండటంతో మొదటి కారణం నిలవలేదు. మిగతా రెండూ కోర్టును ఒప్పించలేకపోయాయి. 1995లో జిల్లా కోర్టు, 1998లో అప్పీలు కోర్టు కోచ్‌ల పక్షానే తీర్పిచ్చాయి. 1998 మేలో జ్యూరీ 2.23 కోట్ల డాలర్ల నష్టపరిహారం నిర్ణయించింది. చట్టం ప్రకారం అది మూడింతలై దాదాపు 6.7 కోట్లకు చేరింది. చివరికి 1999లో 5.45 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అప్పటి నుంచి ఎంత కష్టకాలం వచ్చినా విశ్వవిద్యాలయాలన్నీ కలిసి కోచ్‌ల జీతం ఇంతేనని గీత గీసే వీలు లేకుండా పోయింది. కోత పెట్టాలంటే ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం, అదీ ఒప్పందంలో ఉన్న కోచ్ అంగీకారంతో, పెట్టుకోవాలి. పోటీ విశ్వవిద్యాలయం తగ్గించకపోతే తన కోచ్ అటు వెళ్లిపోతాడన్న భయం ఎలాగూ ఉంటుంది.

2008 మాంద్యంలో ఈ ఇబ్బంది బయటపడింది. 2009 ఫిబ్రవరిలో కనెక్టికట్ రాష్ట్రం 200 కోట్ల డాలర్ల లోటును ఎదుర్కొంటుండగా, రాష్ట్ర ఉద్యోగుల్లో అందరికన్నా ఎక్కువగా 16 లక్షల డాలర్లు తీసుకుంటున్న బాస్కెట్‌బాల్ కోచ్ జిమ్ కాల్హూన్‌ను విలేఖరుల సమావేశంలో ఒకరు జీతం విషయం నిలదీశారు. ఒక్క పైసా కూడా వెనక్కివ్వనని ఆయన మండిపడ్డాడు. తన జట్టు విశ్వవిద్యాలయానికి ఏటా 1.2 కోట్ల డాలర్లు తెచ్చిపెడుతోందని గుర్తుచేశాడు. రాష్ట్ర గవర్నర్ ఆ తీరును తప్పుపట్టింది. కాల్హూన్ లెక్క క్రీడా విభాగపు సంచి వరకే. అడిగినవారి లెక్కలో రాష్ట్ర ఖజానా మొత్తం ఉంది.

అదే ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అధ్యాపకులకు జీతం లేని సెలవులు అమలుచేసింది. క్రీడా విభాగానికి ఇస్తున్న సాయం ఆపాలని దాని బర్క్‌లీ క్యాంపస్ అధ్యాపకుల సభ నవంబరులో తీర్మానించింది. నిజానికి తన ఖర్చు తానే భరించుకోగల క్రీడా విభాగాలు అమెరికాలో కొద్దే. మిగతావాటిని విద్యార్థుల ఫీజు, విశ్వవిద్యాలయ నిధులు నిలబెడుతున్నాయి. పైచదువులకు వెళ్లే తెలుగు విద్యార్థులకూ కొన్ని రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఫీజు బిల్లులో క్రీడల పద్దు ఒకటి కనిపిస్తుంది. 2010 సెప్టెంబరులో బర్క్‌లీ బేస్‌బాల్‌తో సహా అయిదు జట్లను తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. దాతలు ముందుకు రావడంతో బేస్‌బాల్ నిలిచింది, ఆ జట్టు 2011లో జాతీయ పోటీల చివరి దశ అయిన కాలేజ్ వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది.

కోతలు విస్తృతంగా వచ్చింది కోవిడ్ కాలంలోనే. 2020 మార్చి 12న ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ పోటీలు రద్దయ్యాయి. దాంతో కళాశాలలకు పంచాల్సిన 60 కోట్ల డాలర్లు 22.5 కోట్లకు కుదించుకుపోయాయి. ముందుగా కదిలినవాటిలో అయోవా స్టేట్ ఒకటి. ఏడాది పాటు కోచ్‌లు, సిబ్బంది జీతాల్లో కోత పెట్టి 30 లక్షల డాలర్లకు పైగా, బోనస్‌లు ఆపి మరో పది లక్షలు మిగుల్చుకుంటామంది. లూయీవిల్, ఓరెగన్, మిషిగన్‌లలో ప్రధాన కోచ్‌లు పది శాతం, వాషింగ్టన్ స్టేట్‌లో అయిదు శాతం వదులుకున్నారు. ప్రకటనల్లో చాలావరకు ‘స్వచ్ఛందంగా’ అన్న మాట తప్పలేదు. అది మర్యాద కోసం వాడిన మాట మాత్రమే కాదు. ఒప్పందం చేతిలో ఉన్న మనిషి ఒప్పుకోనిదే కోత చెల్లదు.

ఏటా 40 లక్షల డాలర్లు వచ్చే వ్యక్తి పది శాతం వదులుకోవడం, చిన్న ఆటల కోచ్ ఉద్యోగమే పోగొట్టుకోవడం ఒక తక్కెడలో తూగేవి కావు. 2020 జులైలో స్టాన్‌ఫర్డ్ తన 36 ఆటల్లో 11 ఎత్తేస్తున్నట్టు చెప్పింది. 240 మందికి పైగా క్రీడాకారులు, 22 మంది కోచ్‌లు ఆ నిర్ణయం కిందకు వచ్చారు. పూర్వ విద్యార్థుల పోరాటంతో మరుసటి మేలో దాన్ని వెనక్కి తీసుకుంది. స్టాన్‌ఫర్డ్ కన్నా ముందే ఓల్డ్ డొమినియన్ కుస్తీని, సిన్సినాటి పురుషుల సాకర్‌ను తీసేశాయి. ఈ రెండు రకాల పొదుపూ సాగుతుండగానే 2020 డిసెంబరులో ఆబర్న్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ కోచ్ గస్ మాల్జాన్‌ను తొలగించి, ఒప్పందం ప్రకారం 2.145 కోట్ల డాలర్ల పరిహారానికి సిద్ధపడింది. అందులో సగాన్ని నెల రోజుల్లోపే చెల్లించాలి. కోచ్‌ను పంపించడానికి దొరికిన డబ్బు కుస్తీ జట్టును నిలపడానికి ఎందుకు దొరకలేదన్న ప్రశ్నకు క్రీడా విభాగాలకు ఒక జవాబు ఉంది. పరిహారం దాతలు ఇచ్చేదని, వారు డబ్బిచ్చేది ఫుట్‌బాల్ గెలుపు కోసమేనని అంటారు. మూడేళ్లకు టెక్సస్ ఏ అండ్ ఎం, కోచ్ జింబో ఫిషర్‌ను పంపడానికి 7.5 కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకుంది.

ఇటీవల కోతకు కొత్త కారణం పుట్టింది. 2025 జూన్‌లో ఆటగాళ్ల కేసులో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు తొలిసారి ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వడం మొదలైంది. 2025-26లో ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఆ సొమ్ము ఎక్కడి నుంచి తేవాలన్న వెతుకులాట అంతకుముందే మొదలైంది. 2024 సీజన్ ఘోరంగా ముగిశాక, డిసెంబరులో ఫ్లోరిడా స్టేట్ కోచ్ మైక్ నార్వెల్ తన తర్వాతి ఏడాది జీతంలో 45 లక్షల డాలర్లు క్రీడా విభాగానికే వదిలేశాడు. ఓక్లహోమా స్టేట్‌లో మైక్ గండీ పది లక్షల డాలర్ల కోతకు ఒప్పుకున్నాడు. ఆ సొమ్ము ఆటగాళ్లకు వెళ్లేలా ఏర్పాటైంది. అయినా 2025 సెప్టెంబరులో గండీ పదవి పోయింది. ఆటగాళ్లకిచ్చే డబ్బుకు కోర్టు ఒప్పందమే పరిమితి పెట్టింది. కోచ్‌ల జీతానికి మాత్రం నార్మన్ లా కేసు తర్వాత ఉమ్మడి పరిమితి ఏదీ లేదు.