విలియమ్సన్ యాంప్లిఫయర్: తీగల దారే ప్రాణం

లండన్ పత్రిక ‘వైర్‌లెస్ వరల్డ్’ 1947 ఏప్రిల్, మే సంచికల్లో డి.టి.ఎన్. విలియమ్సన్ అనే యువ ఇంజనీరు రూపొందించిన 15 వాట్ల వాల్వు యాంప్లిఫయర్ వివరాలు అచ్చయ్యాయి. ముందు నాలుగు ఎల్63 వాల్వులు, చివర జంటగా రెండు కెటి66లు. ఎన్నో దేశాల ఔత్సాహికులు దాన్ని ఇళ్లలోనే కట్టుకున్నారు. పటం చూసి, చెప్పిన భాగాలే తెచ్చి బిగించినా కొన్ని గుయ్‌మని మోగేవి. లోపం చాలాసార్లు ఛాసిస్ అడుగున, తీగలు పరిచిన తీరులో ఉండేది. పటంలో గీత ఎంత పొడవున్నా ఒకటే. ఛాసిస్‌లో మాత్రం తీగ పొడవు, దాని పక్కన పోయే తీగ కూడా సర్క్యూట్‌లో భాగాలే.

1920లలో రేడియోలు కట్టినవారు చెక్క పలక మీద మందపాటి తీగను మూలమట్టంగా వంచి, చూడముచ్చటగా బిగించేవారు. మెయిన్స్ కరెంటుతో నడిచే యాంప్లిఫయర్లలో ఆ అందమే చేటు తెచ్చింది. విలియమ్సన్ డిజైన్‌లో ఆరు వాల్వుల హీటర్లు 6.3 వోల్టుల దగ్గర దాదాపు 3.7 ఆంపియర్లు తీసుకుంటాయి. ఆ తీగల చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం గ్రిడ్ తీగకు సోకితే స్పీకర్‌లో 50 సైకిళ్ల మోత వస్తుంది. అందుకే రెండు హీటర్ తీగలకూ గట్టిగా పురి పెట్టి, ఛాసిస్ మూలకు ఒత్తి నడపాలి. ఎదురెదురుగా పారే కరెంట్ల క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గ్రిడ్ తీగను దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటించాలి.

గ్రిడ్ తీగ మహా సున్నితం. తర్వాతి దశ ప్లేటు తీగ దాని పక్కన సాగితే, పెరిగిన సిగ్నల్ వెనక్కి చేరి యాంప్లిఫయర్ తనంతట తానే ఊగిసలాడుతుంది. ఆ డోలనం చెవికి అందనంత వేగంగా ఉంటే పాట గరగరలాడడం, వాల్వులు వేడెక్కడం మాత్రమే తెలుస్తాయి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా కలుపుకొని 20 డెసిబెళ్ల ఫీడ్‌బ్యాక్ ఉన్న ఈ డిజైన్‌లో ఆ ముప్పు మరీ ఎక్కువ. కెటి66 గ్రిడ్‌కు పెట్టే రెసిస్టర్‌ను నేరుగా సాకెట్ పిన్నుకే టంకం వేయాలి. మధ్యలో అంగుళం తీగ వదిలినా దాన్ని పెట్టిన ప్రయోజనం తగ్గుతుంది.

అన్నిటికంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఎర్త్. ఛాసిస్ లోహమే కదా అని దగ్గరలో ఎక్కడ పడితే అక్కడ అంటించడం పెద్ద పొరపాటు. రెక్టిఫయర్ మొదటి కెపాసిటర్‌ను నిలకడగా నింపదు. సెకనుకు 100 సార్లు పెద్ద కుదుపులతో నింపుతుంది. ఆ కుదుపు ఇన్‌పుట్ ఎర్త్ ఉన్న దారినే పోతే అక్కడ పుట్టే మిల్లీవోల్టు కూడా అన్ని దశల్లోనూ పెరిగి మోతగా మారుతుంది. కాబట్టి ఆ కెపాసిటర్ నెగటివ్ నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్‌కే చేరాలి. మిగతా దశలను వరుసగా ఒక మందపాటి రాగి తీగకు కలిపి, దాన్ని ఇన్‌పుట్ దగ్గర ఒక్కచోటే ఛాసిస్‌కు బిగించడం మేలు.

తర్వాత అమెరికాలో హీత్‌కిట్ సంస్థ ఈ తరహా యాంప్లిఫయర్లను కిట్లుగా అమ్మింది. ఏ తీగ ఎక్కడ పోవాలో బొమ్మ గీసి చూపింది. 1959లో వచ్చిన డైనాకో స్టీరియో 70 ముందే సిద్ధంచేసిన ప్రింటెడ్ బోర్డుతో ఆ పని మరింత తేలిక చేసింది.

పాత వాల్వు యాంప్లిఫయర్ విప్పేవారు ఒకటి మరవకూడదు: ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. రెసిస్టర్ ద్వారా వాటిని ఖాళీచేసి, మీటరుతో సరిచూశాకే తీగల మీద చెయ్యి వేయండి.